కింది సిలిండర్లలో ఆయిలు

షెర్మన్ ట్యాంకును స్టార్టు చేయాలంటే ముందు దాని వెనక్కి వెళ్లాలి. ఇంజన్ తలుపులు తెరిచి, పొడవాటి ఇనుప హ్యాండిలు దూర్చి, ఇద్దరు మనుషులు వంతులేసుకుని తిప్పాలి. ఒకప్పుడు మన లారీలకీ జీపులకీ ముందువైపు నుంచి హ్యాండిలు కొట్టేవాళ్లు. చూడ్డానికి ఇదీ అదే పని. కాని అక్కడ హ్యాండిలు కొట్టేది బండి అందుకోవడానికి. ఇక్కడ తిప్పేది ఇంజన్ విరగకుండా కాపాడుకోవడానికి.

1942-45 మధ్య అమెరికా దాదాపు 49 వేల షెర్మన్‌లు తయారు చేసింది. వాటిలో తొలి రకాలకు బిగించింది విమానం ఇంజన్. ముప్పై టన్నుల బరువును లాగగల ట్యాంకు ఇంజన్ అప్పటికి ఆ దేశం దగ్గర సిద్ధంగా లేదు, విమానాలది ఉంది. 1927లో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటిన విమానానికి పెట్టింది కూడా ఈ ‘వర్ల్‌విండ్’ కుటుంబపు ఇంజనే. మొత్తం 16 లీటర్లు, తొమ్మిది సిలిండర్లు. ఎడ్లబండి చక్రంలో కుండ చుట్టూ ఆకులు దిగ్గొట్టినట్టు, నడుమ ఉన్న క్రాంక్ షాఫ్టు చుట్టూ సిలిండర్లు పేర్చి ఉంటాయి. దీన్నే రేడియల్ ఇంజన్ అంటారు.

ఈ అమరికలో ఒక చిక్కుంది. ఇంజన్ ఆపేశాక లోపలి ఆయిలు కిందికి జారుతుంది. కింది సిలిండర్లు తలకిందులుగా వేలాడుతుంటాయి కనుక, పిస్టన్ రింగుల సందుల్లోంచి చుక్కచుక్కగా వాటిలోకి దిగుతుంది. రాత్రంతా నిలబెడితే పిస్టనుకీ సిలిండరు మూతకీ మధ్య జాగా ఆయిలుతో నిండిపోవచ్చు. గాలిని నొక్కితే కుంచించుకుపోతుంది. ద్రవం అలా లొంగదు. మూతి మూసిన సిరంజిలో నీళ్లుంచి నొక్కి చూస్తే సంగతి తెలుస్తుంది, వేలు నొప్పెడుతుందే గాని నీళ్లు జరగవు. అలాంటి స్థితిలో స్టార్టరు నొక్కామంటే, పైకీ కిందికీ ఆడాల్సిన పిస్టను ఆయిలుకు గుద్దుకుని, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఎనభై ఏళ్ల నాటి రాడ్డు ఏ షాపులోనూ దొరకదు.

అందుకే చేత్తో తిప్పడం. తిప్పుతున్నప్పుడు హ్యాండిలు బిగుసుకుంటే అక్కడే ఆపాలి, బలం పెట్టకూడదు. కింది సిలిండర్ల స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి, ఆయిలును ట్రేలోకి కార్చి, ప్లగ్గులు మళ్లీ బిగించి, మళ్లీ తిప్పాలి. ఇదంతా ఆనాటి సైనిక మాన్యువల్‌లో ఉంది. మాన్యువల్‌లో లేనిది ఒకటుంది: ఎంత బిగువు మామూలు కంప్రెషన్‌ది, ఎంత బిగువు ఆయిలుది అన్నది. ఆ తేడా చేతికి తెలియాలి, తెలిసిన మనిషి పక్కన నిలబడి చెప్పాలి. ఈ అధ్యాయం అలాంటి మనుషుల గురించి, వాళ్లు రోజూ ఎదుర్కొనే రసాయన, భౌతిక శాస్త్రాల గురించి.

కెనడాలో టొరంటోకు తూర్పున ఓషావా అనే ఊరుంది. అక్కడి విమానాశ్రయం అంచున ఉన్న ఆంటారియో రెజిమెంట్ మ్యూజియంలో వందకు పైగా చారిత్రక సైనిక వాహనాలున్నాయి. తాళ్లు కట్టి దూరం నుంచి చూపించే రకం మ్యూజియం కాదది, అక్కడి బండ్లు నడుస్తాయి. వాటిని విప్పేదీ, తుడిచేదీ, అతికేదీ, తోలేదీ, వచ్చినవాళ్లకు వివరించేదీ వలంటీర్లే. ‘ట్యాంక్ శనివారాలు’ అని పేరు పెట్టిన రోజుల్లో వాటిని బయటికి తీసి జనం ముందు నడిపిస్తారు. ఏటా పెద్ద పండగలాగా చేసే ట్యాంకుల ప్రదర్శనకు అక్వీనో పేరు పెట్టుకున్నారు. 1944 మే నెలలో ఇటలీలో ఆ ఊరి దగ్గరే ఆంటారియో రెజిమెంట్ తన ట్యాంకుల్ని, మనుషుల్ని పోగొట్టుకుంది.

ఇలాంటి మ్యూజియం ఓషావాలో నిలబడడం వింతేమీ కాదు. జనరల్ మోటార్స్ కెనడాలో వేళ్లూనింది ఆ ఊళ్లోనే. తరతరాలుగా కార్ల పని ఎరిగిన చేతులున్న ఊరది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెనడా 8 లక్షలకు పైగా సైనిక వాహనాలు తయారు చేసింది. మొద్దు ముక్కు లారీలు ఓషావాలో జనరల్ మోటార్స్, విండ్సర్‌లో ఫోర్డ్ కార్ఖానాల నుంచి వరసకట్టి వచ్చాయి. ఓడలో తక్కువ చోటు పట్టాలని ముక్కు కుదించారు. ఆ చాసిస్‌లలో కొన్ని మన దేశానికీ చేరాయి. విండ్సర్ ఫోర్డ్ చాసిస్‌ల మీద టాటా ఉక్కు కవచం బిగించి ఇక్కడ తయారు చేసిన సాయుధ వాహనాలు ‘టాటానగర్’ అన్న పేరుతో ఉత్తర ఆఫ్రికా ఎడారుల్లో తిరిగాయి. యుద్ధ చరిత్ర పుస్తకాల్లో ఈ బండికి దక్కింది ఒకటి రెండు వాక్యాలే. ఇంకా ఎక్కువ దక్కాలని నా కోరిక.

షెడ్డులో మొదటి శత్రువు తుప్పు.

ఇనుము భూమిలో ఇనుముగా దొరకదు. ఆక్సిజన్‌తో కలిసిన రాయిగా దొరుకుతుంది. కొలిమిలో బొగ్గు వేసి, ఎంతో వేడి ఖర్చు పెట్టి, ఆ ఆక్సిజన్‌ను విడగొట్టి ఇనుము తీస్తాం. అలా విడదీసిన ఇనుము అవకాశం దొరికితే చాలు, మళ్లీ ఆక్సిజన్‌తో కలిసిపోవడానికే చూస్తుంది. కలవడానికి నీళ్లు కావాలి. నీటి బిందువు కింద ఇనుప రేకు చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది, ఇంకో చోట ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. నీళ్లలో ఉప్పుంటే కరెంటు సులువుగా పారుతుంది, తుప్పు జోరందుకుంటుంది. విశాఖ బీచి రోడ్డులో ఉన్నవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ల కిటికీ ఊచలే సాక్ష్యం. అక్కడి ఇసుకలో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామికి కూడా నీళ్లలోంచి బయటికొచ్చినంత మాత్రాన ఉప్పు బెడద తీరలేదు. ఉప్పు గాలి ఒంటి మీదికే వస్తుంది.

తుప్పు ఇనుమును తినేయడం ఒక నష్టం. దానికంటే మెకానిక్‌ను ఏడిపించేది ఇంకోటుంది. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టుకీ బోల్టుకీ మధ్య మరల సందులో చోటు వెంట్రుక మందం కూడా ఉండదు. అక్కడ తుప్పు పుడితే ఉబ్బి, రెండింటినీ ఒకే ముద్దలా బిగించేస్తుంది. అప్పుడు పొడవాటి పానా వేసి బలం పెడితే నట్టు కదలదు, బోల్టు తల తెగి చేతికొస్తుంది.

ఇలాంటి ఒక్క నట్టు దగ్గర ఒక పూటంతా గడుస్తుంది. మొదట తీగల బ్రష్షుతో పైతుప్పు గీకుతారు. పల్చటి ఆయిలు పోసి వదిలేస్తారు. అది సన్నటి సందుల్లోకి వత్తిలో నూనె పాకినట్టు పాకాలి, దానికి టైము కావాలి. మర్నాడు సుత్తితో నట్టు పక్కల మీద పొడుస్తారు, గట్టిగా కాదు, చిన్న చిన్న దెబ్బలు. ఆ అదురుకు తుప్పు పొర పగులుతుంది. అప్పటికీ కదలకపోతే గ్యాస్ మంట. నట్టును మాత్రం ఎర్రగా కాలుస్తారు, బోల్టుకు వేడి తగలకముందే. వేడికి నట్టు రంధ్రం పిసరంత పెద్దదవుతుంది. చల్లారుతుండగా కొవ్వొత్తి మైనం ముక్క మరలకు తాకిస్తే కరిగి లోపలికి జారుతుంది. పానా వేసి ముందు బిగించే వైపు కొద్దిగా, తర్వాత విప్పే వైపు కొద్దిగా, ముందుకీ వెనక్కీ. ఒక్కసారి ‘టక్’మని శబ్దం వస్తుంది. ఆ శబ్దం విన్నవాడి మొహం చూడాలి! అలాంటి నట్లు ఒక్కో బండికి వందల్లో ఉంటాయి.

అన్నిటికీ ఒకే పానా సరిపోతుందనుకుంటే పొరపాటు. బ్రిటిష్ బండ్లలో విట్‌వర్త్ మర, దాని కోణం 55 డిగ్రీలు. అమెరికా మర 60 డిగ్రీలు. జర్మన్ బండ్లవి మిల్లీమీటర్ కొలతలు. ఒక దేశపు నట్టు ఇంకో దేశపు బోల్టుకు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. మిత్రదేశాల సైన్యాలు యుద్ధమంతా ఈ తంటా పడ్డాయి. పడీ పడీ చివరికి 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని ఉమ్మడి మర కొలతకు ఒప్పుకున్నాయి. మన టేబులు మీది స్క్రూల వెనక యుద్ధకాలపు మెకానిక్కుల విసుగు కూడా ఉందన్నమాట.

చిన్న భాగాల తుప్పు వదిలించడానికి ఇంకో మార్గముంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి బట్టల సోడా కలుపుతారు. తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జరు మైనస్ తీగకు, పనికిరాని ఇనుప రేకును ప్లస్ తీగకు తగిలించి ముంచుతారు. భాగం మీద బుడగలు లేస్తాయి. అవి హైడ్రోజన్ బుడగలు. తుప్పు వదులై, కొంత నల్లటి పొడిగా మారి, రుద్దితే రాలిపోతుంది. గీకితే పోయే అసలు లోహం, దాని మీది అచ్చు నంబర్లు, ఇలా చేస్తే నిలుస్తాయి. తలుపులు తెరిచే ఉంచాలి, ఎందుకంటే హైడ్రోజన్ అంటుకుంటుంది. ప్లస్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, అందులోని క్రోమియం విషమై నీళ్లలో కలుస్తుంది. గట్టి స్ప్రింగుల్ని ఈ తొట్టిలో వేయకూడదు. హైడ్రోజన్ పరమాణువులు ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తాయి. స్ప్రింగు తళతళా మెరుస్తూ బయటికి వస్తుంది, బరువు మోపిన రోజున విరుగుతుంది.

ఊరి మధ్య పార్కులో దిమ్మె ఎక్కిన ట్యాంకుకు ఈ సేవలేవీ అందవు. ఆంటారియో రాష్ట్రంలోనే లండన్ అనే ఊళ్లో విక్టోరియా పార్కు ఉంది. అందులో ‘హోలీ రోలర్’ అన్న షెర్మన్ 1956 నుంచి నిలబడి ఉంది. 1944 జూన్ 6న నార్మండీ ఒడ్డున దిగి యుద్ధం ముగిసేదాకా నడిచిన కెనడా షెర్మన్‌లలో మిగిలినవి రెండే, అందులో ఇదొకటి. పైకి చూస్తే ఎప్పటికప్పుడు పచ్చరంగు వేసి ఉంటుంది. ఇలాంటి ట్యాంకుల్లో నష్టం లోపల జరుగుతుంది. మూతల సందుల్లోంచి వాన నీరు దిగి, అడుగున నిలిచి, లోపలి నుంచి తింటుంది. 2021లో హోలీ రోలర్‌ను దిమ్మె మీంచి దించి షెడ్డుకు తీసుకెళ్లారు. వలంటీర్లు ఏడాది పాటు శ్రమపడి బాగుచేసి, 2022లో మళ్లీ పార్కుకు చేర్చారు. పిల్లలు ఎక్కి ఆడే ప్రతి ట్యాంకుకూ ఇలాంటి ఏడాది ఒకటి రావాలి. చాలావాటికి రాదు.

ఇనుము తర్వాత రబ్బరు. 1942లో జపాన్ మలయాను ఆక్రమించాక మిత్రదేశాలకు రబ్బరు పాలు కరువయ్యాయి. అమెరికా పెట్రోలియం నుంచి కృత్రిమ రబ్బరును భారీగా తయారు చేసింది. షెర్మన్ గొలుసుకు ఒక్కో పక్క 79 దిమ్మలుంటాయి, వాటిలో చాలా రకాలకు పైన రబ్బరు అచ్చు ఉంటుంది. రెండు గొలుసులు కలిసి నేలను తాకే వైశాల్యం దాదాపు మూడు చదరపు మీటర్లు. అందువల్ల ముప్పై టన్నుల బండి చదరపు సెంటీమీటరుకు కిలోకు మించి బరువు మోపదు. మామూలు కారు టైరు దానికి రెండింతలు మోపుతుంది. కారు దిగబడే బురదలో ట్యాంకు నడిచిపోవడంలోని మర్మం ఇదే. కాని రబ్బరు పొడవాటి అణువుల గొలుసు. గాలిలోని ఓజోన్ ఆ గొలుసును ఎక్కడికక్కడ తెంపుతుంది. లాగి ఉన్న చోట ముందుగా బీటలు పడతాయి. వాడినా వాడకపోయినా ఈ వయసు పెరుగుతూనే ఉంటుంది.

పెట్రోలు గొడవ మన పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చినప్పటి నుంచి పాత స్కూటర్లున్న ప్రతి ఇంట్లో ఇదే చర్చ. పాత సైనిక వాహనాల షెడ్డుల్లో ఈ చర్చ చాలా ముందే మొదలైంది. ఇథనాల్ గాలిలోంచి తేమ పీలుస్తుంది. ఆ తేమ ఎక్కువైతే ఇథనాల్ నీళ్లతో కలిసి పెట్రోలు ట్యాంకు అడుగుకు చేరి తుప్పు పట్టిస్తుంది. పాతకాలపు గొట్టాల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఇంజన్ పక్కన పెట్రోలు గొట్టం మెత్తబడడమంటే అగ్గితో ఆట. గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చడమో, ఇథనాల్ లేని పెట్రోలు వెతికి తెచ్చుకోవడమో చేయాలి. అసలు గొట్టాన్ని మాత్రం పారేయరు. చీటీ కట్టి పెట్టెలో పెడతారు. బండి మీది నుంచి ఏది తీసినా దానికో చీటీ ఉండాలన్నది ఈ పనిలో మొదటి పాఠం.

డ్రైవరు ముందున్న గడియారాల దగ్గర ఇంకో జాగ్రత్త. చీకట్లో కనపడాలని ఆ రోజుల్లో అంకెలకు రేడియం కలిపిన రంగు పూసేవారు. రేడియం నుంచి వెలువడే కణాలు జింక్ సల్ఫైడ్ పొడిని గుద్దితే అది మెరుస్తుంది. కొన్ని దశాబ్దాలు దెబ్బలు తినీ తినీ జింక్ సల్ఫైడ్ చచ్చిపోయింది. ఇప్పుడు లైటార్పితే ఆ అంకెలు మెరవవు. పాతది, పనైపోయిందనుకుని కొత్త వలంటీరు అద్దం విప్పి గుడ్డతో తుడవబోతాడు. కాని రేడియం సగానికి తగ్గాలంటే 1600 ఏళ్లు పడుతుంది, గడిచింది ఎనభై. ఆ పొడి ఊపిరితో లోపలికి పోతే ఎముకల్లో కూర్చుంటుంది. అందుకే రేడియేషన్ కొలిచే పరికరం పెట్టి చూడకుండా పాత డయలు విప్పనివ్వకూడదు. బ్రేకుల్లో ఆస్బెస్టాస్, పాత రంగుల్లో సీసం కూడా ఇలాంటివే.

రంగు గురించి ఇంకో మాట. బండి సైన్యంలో ఉన్నన్నాళ్లూ పొర మీద పొర వేసుకుంటూ వచ్చారు. ఉప్పు కాగితంతో, నీళ్లు చల్లుకుంటూ, అరచేయంత మేర గుండ్రంగా రుద్దుకుంటూ పోతే పొరలు చెట్టు మొద్దులో వలయాల్లా బయటపడతాయి. ముదురాకుపచ్చ కింద ఇసుక రంగు కనపడితే ఆ బండి ఎడారి చూసిందేమోనని ఆలోచించాలి. ఒక్కోసారి తెల్లటి అంకె ఒకటి, ఏ దళానిదో గుర్తు ఒకటి పైకి తేలుతుంది. తొందరపడి మొత్తం ఇసుక యంత్రంతో ఊదేసినవాళ్లు ఆ బండి జీవితచరిత్రను గంటలో చెరిపేసినట్టు. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకు మించిన పాపం లేదు.

నడపాలా, నడపకూడదా? ఈ ప్రశ్న దగ్గర వలంటీర్లు నిజంగానే రెండుగా చీలతారు.

ఇంగ్లండ్‌లో బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలోని ‘టైగర్ 131’ను బ్రిటిష్ సైన్యం 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో చేజిక్కించుకుంది. 1990లో దాన్ని విప్పడం మొదలుపెడితే 2003 డిసెంబరుకు గాని నడిచే స్థితికి రాలేదు. దాని అసలు ఇంజన్‌ను అప్పటికే లోపలి భాగాలు కనిపించేలా కోసి ప్రదర్శనకు పెట్టేశారు. అందుకని మ్యూజియంలోనే ఉన్న టైగర్-2 నుంచి ఇంజన్ తీసి బిగించారు. ప్రపంచంలో నడిచే టైగర్-1 ఇదొక్కటే. ఏడాదికి ఒకటి రెండు సార్లు మాత్రమే బయటికి తీస్తారు, ఆ రోజు వేలమంది వస్తారు. నడిచిన ప్రతి మీటరుకూ బేరింగులు, గేర్ల పళ్లు కొద్దికొద్దిగా అరుగుతాయి. ఆ అరిగేది జర్మన్ కార్ఖానాలో పదును పెట్టిన అసలు లోహం. నడపకపోతే? సీళ్లు ఎండి ఆయిలు కారుతుంది, బేరింగుల మీద ఆయిలు పొర జారిపోయి తేమ చేరుతుంది, దాన్ని నడపడం తెలిసిన మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోతారు. నేను నడపడం వైపే. అయితే నడిచేవి నాలుగైనా ఉన్న రకాలకే ఆ మాట వర్తిస్తుంది. ఒక్కటే మిగిలినప్పుడు చెయ్యి కొంచెం వణకాలి.

ఫ్రాన్స్‌లో ఫ్లెస్కియేర్ గ్రామంలో ఉన్న ట్యాంకును మాత్రం ఎవరూ నడపాలనుకోలేదు. దాని పేరు ‘డెబోరా’. 1917 నవంబరు 20న, కాంబ్రే యుద్ధం మొదటి రోజున, ఫిరంగి గుళ్లు తగిలి ఆ ఊళ్లో ఆగిపోయింది. లోపలున్న ఎనిమిది మందిలో ఐదుగురు చనిపోయారు. తర్వాత దాన్ని గోతిలోకి తోసి పూడ్చేశారు. స్థానిక చరిత్రాభిమాని ఫిలిప్ గోర్చిన్‌స్కీ ఏళ్ల తరబడి వెతికి 1998లో దాని ఆనవాలు పట్టుకున్నాడు. లోతుగా, గాలి ఆడకుండా కప్పిన మట్టిలో ఆక్సిజన్ తక్కువ కనుక తుప్పు మెల్లగా నడిచింది. ఎనభై ఏళ్ల తర్వాత కూడా ట్యాంకు ఆకారం చెదరలేదు, గుళ్లు తగిలి చీలిన రేకులు చీలినట్టే ఉన్నాయి. వాటిని అతకలేదు, రంగు వేయలేదు. 2017లో కట్టిన చిన్న మ్యూజియంలో, ఆ మృతుల సమాధులున్న శ్మశానం పక్కనే, అలాగే ఉంచారు. ఆ రేకు చీలికలోంచి లోపలికి చూసినవాళ్లకు ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు.

మన దేశంలో మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో, ఇప్పుడు అహిల్యానగర్ అంటున్న ఊళ్లో, సైన్యం నడిపే ట్యాంకుల మ్యూజియం 1994 నుంచి ఉంది. ప్రాణమున్న ట్యాంకుల విద్య తెలుగు నేలకూ దగ్గరిదే. మెదక్ ఆయుధ కర్మాగారం ఎద్దుమైలారంలో 1980ల నుంచి ‘శరత్’ సాయుధ వాహనాలు తయారు చేస్తోంది. అర్జున్ ట్యాంకు కవచానికి ‘కంచన్’ అన్న పేరు, దాన్ని రూపొందించిన హైదరాబాద్ లోహ పరిశోధనశాల ఉన్న కంచన్‌బాగ్ నుంచి వచ్చింది. ఆ కార్ఖానాల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఫిట్టర్లు, వెల్డర్లు మన ఊళ్లలోనే ఉన్నారు. వాళ్ల చేతికి తెలిసినది రాసిపెట్టే మనిషి, వాళ్లు సాయంత్రం పూట వచ్చి కూర్చునే షెడ్డు ఒకటి ఉండాలి.

శనివారం ప్రదర్శన ముగిశాక షెడ్డులో ఎలాగుంటుందో చెప్పి ఆపుతాను. ట్యాంకు ముందు ఒక మనిషి వెనక్కి నడుస్తూ, చేతి సైగలతో డ్రైవరును లోపలికి తీసుకొస్తాడు. లోపలి డ్రైవరుకు ముందున్న పది అడుగుల నేల కనపడదు. సైగ చేసే మనిషి చేతులే అతనికి కళ్లు. ఇంజన్‌ను వెంటనే ఆపరు, కాసేపు నెమ్మదిగా తిరగనిచ్చి వేడి తగ్గాక ఆపుతారు. ఒకాయన గొలుసు దిమ్మల మధ్య ఇరుక్కున్న రాళ్లు పుల్లతో పీకుతాడు. ఇంకొకాయన చక్రాల కుండల మీద అరచెయ్యి ఆనించి చూసుకుంటూ పోతాడు. ఒకటి మిగతా వాటికంటే వేడిగా ఉంటే అందులో బేరింగు గ్రీజు అడుగుతోందని అర్థం. అది పుస్తకంలో రాసుకుంటారు, ఏ తేదీ, ఎన్ని గంటలు నడిచింది, ఏ చక్రం. కింద ట్రే సర్దుతారు. దీపాలార్పి తలుపు వేసేసరికి ఇంజన్ రేకులు చల్లారుతూ టిక్కు టిక్కుమంటుంటాయి. లోపల ఆయిలు అప్పటికే గోడల వెంట కిందికి జారడం మొదలుపెట్టి ఉంటుంది, పిస్టన్ రింగుల సందుల్లోంచి, చుక్క తర్వాత చుక్క, అడుగు సిలిండర్లలోకి.